బాలు బస

కాశీకి జనం రైల్లో వెళతారు, చేతిలో డబ్బు ఆడేవాళ్ళు విమానంలో వెళతారు. మా ఆయన పోలరాజు మాత్రం కారులో వెళదామన్నాడు. కరెంటాఫీసులో లైన్ ఇన్‌స్పెక్టరుగా రిటైరై, ఆ తర్వాత డ్రైవింగు నేర్చుకుని, సెకండ్ హ్యాండు కారు కొన్న మనిషి. ఈ ప్రయాణానికి 'రోడ్ ట్రిప్' అని పేరు పెట్టాడు. ఆ మాట మనవడి దగ్గర పట్టాడు, పట్టిన దగ్గర్నుంచి వదల్లేదు. పాలవాడితో కూడా రోడ్ ట్రిప్ అనే చెప్పాడు, ఎన్నాళ్ళు పాలు వద్దో చెప్పడం మాత్రం మరిచిపోయాడు.

మాది కాశీబుగ్గ. పలాసను ఆనుకుని ఉంటుంది. ఏ వీధిలోకి వెళ్ళినా జీడిపప్పు బట్టీల కమురు వాసన. మా ఆయన సోఫాలో కూర్చుని, కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి, ఫోనులో మ్యాపు తెరిచి 'కాశీ' అని కొట్టగానే అది కాశీబుగ్గ చూపించి, మీరు ఇక్కడే ఉన్నారంది.

"వచ్చేశాం కదండీ, దిగండి. గంగాస్నానం బాత్రూంలో కానిచ్చెయ్యండి," అన్నాను.

ఆయన నవ్వలేదు. ప్రయాణాల విషయంలో ఆయనకు హాస్యం పట్టదు.

కారు ఎందుకంటే మా అత్తమ్మ కోసం. ఆవిడ పేరు పైడమ్మ. రైలెక్కిస్తే ఏ స్టేషనులో దిగిపోతుందో చెప్పలేం. రెండేళ్ళుగా ఆవిడకు సాయంత్రాల జబ్బు పట్టుకుంది. పొద్దున్నంతా మామూలుగానే ఉంటుంది. కూరలు తరుగుతుంది, నా పులుసుకు వంకలు పెడుతుంది, టీవీలో అత్తగారి వేషం వేసినావిడను నోరారా తిడుతుంది. పొద్దు వాలి నేను దీపం పెట్టే వేళకు మాత్రం కొంగు నడుముకు చుట్టి గుమ్మంలోకి వచ్చి నిలబడుతుంది.

"ఇంక ఎల్తానమ్మా. మా అమ్మ సూత్తుంటాది. నన్ను ఇంటికంపెయ్యండి," అంటుంది. అమ్మా అనడం నన్నే. ఆ వేళకు నా పేరు ఆవిడకు గుర్తుండదు.

"ఇదే కదా అత్తా నీ ఇల్లు," అంటే చుట్టూ ఒకసారి చూసి, మర్యాదగా నవ్వి, "మంచి ఇల్లేనమ్మా. మాది కాదు," అంటుంది. తర్వాత ఆకాశం వైపు చూసి, "ఇంకా ఎర్రబడనేదేటి? ఎర్రబడితే నాన్న వచ్చేత్తాడు," అంటుంది. అప్పటికి మా వీధిలో పొద్దు పూర్తిగా గుంకి చీకటి పడి ఉంటుంది. ఇంకేం ఎర్రబడుతుంది?

డాక్టరు దానికేదో ఇంగ్లీషు పేరు చెప్పాడు. పేరుంది గానీ మందు లేదన్నాడు. మా ఆయన తల్లి పక్కన మెట్ల మీద కూర్చుని ఓపిగ్గా కబుర్లు చెబుతాడు. నాకు అంత ఓపిక లేదు. నాకు ఒళ్ళు మండుతుంది. ఆ ఇంట్లో కోడలిగా అడుగుపెట్టిన నాడు వంటింటికి తలుపు కూడా లేదు. ఆ తలుపు పెట్టించింది నేను, పెరట్లో కరివేపాకు వేసింది నేను, ఆవిడ తుంటి విరిగి మంచం పడితే నీళ్ళు పోసింది నేను. అలాంటిది రోజూ సాయంత్రం నన్ను పొరుగింటి మనిషిని చూసినట్టు చూసి సెలవు అడుగుతుంటే ఎలా ఉంటుంది? జబ్బు మనిషి మీద కోపమేమిటే అంటాడు మా ఆయన. జబ్బు కనబడితే దానితోనే పోట్లాడేదాన్ని కదా, కనబడేది మనిషేనాయె. ఆవిడ ఆ ఇల్లు తనది కాదన్న ప్రతిసారీ, నేను అందులో బతికిన బతుకంతా ఎందుకూ కొరగాకుండా పోయినట్టుండేది. నా ఏడుపంతా అదీ.

కాశీ వెళితే అమ్మ మనసు కుదుటపడుతుందని మా ఆయన నమ్మకం. నాకు నమ్మకం లేకపోయినా సరే అన్నాను. ఇంకేదో ఊళ్ళో, మరెవరి గుమ్మంలోనో నిలబడి ఇల్లు అడిగితే, ఆ వేళకు అది నిజంగానే మా ఇల్లు కాదు కదా. కనీసం ఆ నాలుగు రోజులూ నాకు ఉక్రోషం ఉండదనుకున్నాను.

మొదటి రాత్రి భువనేశ్వర్‌లో మా ఆయన స్నేహితుడింట్లో. దాని గురించి బెంగ లేదు. రెండో రాత్రి ఎక్కడన్నదే మా ఇంట్లో వారం రోజుల చర్చ. మ్యాపులో వేలు పెట్టి అటూ ఇటూ జరిపి చివరికి జంషెడ్‌పూర్ అన్నాడు. ముగ్గురిలో ఎవరం ఆ ఊరు ఎరగమనుకున్నాం. తెలియని ఊళ్ళో, చీకటి పడేసరికి ఇల్లు అడిగే మనిషితో బస అంటే మాటలా? గది కింద అంతస్తులోనే ఉండాలి. తలుపుకు గడియ పైన ఉండాలి, ఆవిడకు అందకూడదు. అన్నిటికంటే ముఖ్యం, పొద్దు ఉండగానే చేరిపోవాలి. మా ఆయన హోటళ్ళకు ఫోన్లు చేసి, వచ్చీరాని హిందీలో, "గడియ ఊపర్ హై యా నీచే హై?" అని అడుగుతుంటే అవతలివాళ్ళు ఫోను పెట్టేసేవారు. నేను కొంగు నోట్లో కుక్కుకుని నవ్వేదాన్ని.

"జంషెడ్‌పూర్ అంటే ఎక్కడొస్తుందండీ?" అని అడిగానొక పొద్దున్న.

"అదేనే, టాటా. టాటానగర్," అన్నాడు.

అత్తమ్మ కింద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. తలెత్తకుండానే, "టాటాకా? అయితే బాలు బసలో దిగుదాం," అంది.

మా ఆయన కళ్ళజోడు తీశాడు. "బాలు ఎవరమ్మా?"

"బాలు బసరా. ఎవులినడిగినా సెప్తారు," అని చిక్కుడుకాయ తుంచి గిన్నెలో పడేసింది.

ఆవిడ చిన్నతనంలో వాళ్ళ నాన్న ఉత్తరాదిన ఎక్కడో కంపెనీలో పని చేశాడని, తల్లి అక్కడే పోయిందని, ఆయన పిల్లను తీసుకుని తిరిగి వచ్చేశాడని మా పెళ్ళినాటికే విన్నాను. ఆ ఊరి పేరు ఎవరూ చెప్పలేదు. ఆ తండ్రి దాని గురించి మళ్ళీ నోరెత్తలేదట. అందుకని మా ఇద్దరికీ బాలు అంటే ఎవరో మనిషే తట్టాడు. టాటాలో లాడ్జి నడిపే బాలు.

మా ఆయన ఫోనులో వెతికాడు. బాలు లాడ్జి లేదు, బాలు గెస్ట్ హౌస్ లేదు. బాలాజీ పేరున మాత్రం బోలెడున్నాయి. "వయసులో ఉన్నప్పటి స్నేహమేమో లెండి. నాకు తెలియని మావయ్య ఒకాయన అక్కడ కాచుకుని ఉన్నాడేమో," అన్నాను. ఆయన ముఖం గంటు పెట్టుకుని లేచి వెళ్ళిపోయాడు. ఆ పూట అన్నం కూడా మాట్లాడకుండా తిన్నాడు.

చివరికి సాక్చీ అనే చోట ఒక హోటల్లో కింది గది దొరికింది. గడియ పైనే ఉందట. ఆఫీసులో తోటివాడి బావగారు నీలకంఠం అనే ఆయన టాటానగర్‌లో రైల్వేలో పని చేసి రిటైరై, ఊరికి దక్షిణాన పర్సుడీహ్‌లో ఇల్లు కట్టుకుని ఉంటున్నాడని తెలిసి ఆయనకూ ఫోను చేశాడు. ఆయన ఎదురొచ్చి దారి చూపిస్తానన్నాడు. అన్నీ అడిగాడు గానీ బాలు సంగతి మాత్రం మా ఆయన అడగలేదు. తల్లికి ఎవడో మగవాడి పేరు అంటగట్టి పరాయి మనిషిని ఆరా తియ్యడమేమిటని సిగ్గు. అడిగి ఉంటే అప్పుడే తేలిపోయేది.

భువనేశ్వర్‌లో ఆ రాత్రి ఎలాగో గడిచింది. మర్నాడు పొద్దున్నే బయలుదేరాం. ఆ దారి నాకు ఇప్పటికీ కలలో నడిచిన దారిలాగే అనిపిస్తుంది. ఫాల్గుణం రోజులు. రాయ్‌రంగ్‌పూర్ దగ్గర పడుతుంటే రోడ్డుకు రెండు పక్కలా సాల చెట్ల అడవి, మధ్యమధ్య ఆకు రాలిన మోదుగలు ఒంటినిండా పూసి ఉన్నాయి. ఎర్రమట్టి గాలి. ఆకులు కాలుస్తున్న పొగ నేల మీద పాకుతూ రోడ్డు దాటుతోంది. మా ఆయన కూడా రోడ్ ట్రిప్ అనడం మానేసి ఊరుకున్నాడు.

అత్తమ్మ అద్దానికి నుదురు ఆనించి కూర్చుంది. నిద్రపోతోందనుకున్నాను. ఉన్నట్టుండి, "ఆపరా నాయనా," అంది. ఆపాడు. దిగి, రాలిన మోదుగపూలు ఏరి ఒళ్ళో వేసుకుంది. ఆలస్యమవుతుందని మా ఆయన గింజుకుంటున్నాడు. పోనియ్యండి అన్నాను. నిజానికి నాకూ కదలాలనిపించలేదు. ఎక్కడో ఎవరో డప్పు కొడుతున్నారు, అది ఇప్పటి చప్పుడో చిన్నప్పుడెప్పుడో విన్నదో తెలియనట్టుంది. ఆవిడ ఒక పువ్వు నా చేతిలో పెట్టి, "మా అమ్మ జడలో పెట్టేది ఇది. వాసనుండదు గానీ రంగు సూడు," అంది. వాళ్ళమ్మ గురించి అంత స్పష్టంగా ఒక మాట చెప్పడం నేను వినడం అదే మొదలు.

ఆ ఆగడంతో మా లెక్క తప్పింది. జార్ఖండ్ బోర్డు దాటి, హాతా దాటి, పర్సుడీహ్ బజారులోకి వచ్చేసరికి ఎండ పసుపు తిరిగిపోయింది. కూరగాయల బళ్ళు, గాజుల దుకాణాలు, హారన్లు. ఇంకాసేపట్లో ఆవిడ కొంగు నడుముకు చుట్టుకుంటుంది, మేమేమో తెలియని ఊళ్ళో ట్రాఫిక్కులో ఉంటాం. కారు తలుపు తీసుకుని దిగిపోతే ఆ జనంలో ఎక్కడని వెతకడం?

నీలకంఠం గారు స్కూటరుతో మందుల షాపు ముందు నిలబడి ఉన్నారు. పొట్టిగా, తెల్ల మీసాలతో, ముఖమంతా నవ్వే.

"ఆయియే ఆయియే! ఇంత లేటయినారేటండీ? మా ఆవిడ రమాదేవి అన్నం వండీసి కూకుంది. ఫస్ట్ మా ఇంటికి వచ్చి నాస్తా చేసి అప్పుడు ఎల్దురు," అన్నారు.

మా ఆయన ఏదో చెప్పబోయేలోపు వెనక అద్దం దిగింది. "నాయనా, బాలు బసకి ఎలగెల్లాల?" అంది అత్తమ్మ.

"భాలుబాసాకా? సాక్చీ కాడే కదమ్మా. మీ హోటల్‌కి బగల్‌లోనే," అన్నారాయన తడుముకోకుండా.

మా ఆయన స్టీరింగు వదిలేశాడు. "అక్కడ నిజంగానే బాలు అనే ఆయన లాడ్జి నడుపుతున్నాడా అండీ?"

నీలకంఠం గారు ఒక నిమిషం అర్థంకాక చూసి, తర్వాత స్కూటరు హ్యాండిలు పట్టుకుని పడీపడీ నవ్వారు. "లాడ్జేటండీ బాబూ! భాలుబాసా అంటే మొహల్లా పేరది, ఒక పేట. పురానా బస్తీ. భాలూ అంటే మనాళ్ళ బాలు కాదు, ఎలుగుబంటి! ఆ పేరు ఎందుకొచ్చినాదో నాకూ మాలూమ్ నేదు. బాలూ బసంట! ఇది మా ఇంటికాడ సెప్పాలి."

నేను నవ్వలేదు. ఎందుకంటే అప్పుడే అత్తమ్మ సీటులో నిటారుగా కూర్చుంది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, బళ్ళో పాఠం అప్పజెప్పినట్టు గొంతు మార్చి అంది: "నా పేరు పైడి. మా నాన్న పేరు సిమ్మాచలం. మాది బాలు బస, తెలుగోల్ల లైను." మా వైపు తిరిగి మామూలు గొంతుతో, "తప్పిపోతే ఇలగ సెప్పమంది మా అమ్మ. రోజూ సెప్పించీది. సంతకెల్లే ముందు సెప్పించీది," అంది.

బయట నీలకంఠం గారి నవ్వు ఆగిపోయింది. మా ఆయన అద్దంలోంచి తల్లిని చూస్తున్నాడు, కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి. రెండేళ్ళుగా ప్రతి సాయంత్రం మా గుమ్మంలో నిలబడి ఆవిడ అడిగిన ఇల్లు ఇదన్నమాట. ఎదురు చూస్తుంటుందన్న అమ్మ ఇక్కడి అమ్మన్నమాట. మేం కాశీ దారిలో రాత్రి పడుకోవడానికి వెతుక్కున్న ఊరు ఆవిడ ఇంటి ఊరు.

"ముందు అక్కడికే పోనియ్యండి," అన్నాను. నా గొంతు నాకే కటువుగా వినిపించింది. జాలితోనే అన్నాను, కానీ జాలి ఒక్కటే కాదు. లోపల భయం పట్టుకుంది. ఆ ఇల్లు దొరక్కపోతే ఆవిడ ఏమైపోతుందో అని ఒక భయం. దొరికితే, ఇదే నా ఇల్లని అక్కడే కూర్చుండిపోతే, మా కాశీబుగ్గ ఇల్లు ఇక ఏ పొద్దూ ఆవిడది కాకుండా పోతుందేమోనని ఇంకో భయం. పైకి చెప్పుకోలేను గానీ ఆ రెండోదే పెద్దది.

స్కూటరు ముందు, మేం వెనక. స్టేషను దాటి, జుగ్సలాయి ఇరుకులోంచి బయటపడి, బిష్టుపూర్ వచ్చేసరికి రోడ్లు వెడల్పయ్యాయి. రెండు పక్కలా పెద్ద పెద్ద చెట్లు, వాటి వెనక పొడుగ్గా కార్ఖానా గోడ, గోడ మీద పొగగొట్టాలు, పొగ ఏ గాలీ లేనట్టు నిలువుగా లేస్తోంది. డ్యూటీ దిగినవాళ్ళు హెల్మెట్లు హ్యాండిలుకు తగిలించుకుని సైకిళ్ళ మీద, బళ్ళ మీద వస్తున్నారు. ఆవిడ ప్రతి ముఖాన్నీ చూస్తోంది. ఎవరి కోసమో నాకు తెలుసు, అందుకని నేను చూడలేకపోయాను.

భాలుబాసాలో సందులు ఇరుకు. కారు చౌరస్తాలో ఆపి నడిచాం. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. మేడలు, మేడల మీద నీళ్ళ ట్యాంకులు, సందుకో మొబైల్ షాపు. తెలుగోళ్ళ లైను ఏదని నీలకంఠం గారు ఒకరిద్దరిని హిందీలో అడిగారు, వాళ్ళు తల అడ్డంగా ఊపారు. ఒక మలుపులో మాత్రం పాత పెంకుటిల్లు ఒకటి మిగిలి ఉంది. గుమ్మం మీద చెక్క సిలువ, కింద కుర్చీలో తెల్లచీర కట్టుకున్న పెద్దావిడ. మేం తెలుగులో మాట్లాడుకోవడం విని ఆవిడే కేకేసింది.

"ఎవులమ్మా మీరు? ఏ ఊరు?"

ఆవిడ పేరు త్రేసమ్మ. వాళ్ళది భీమిలి దగ్గర. పెళ్ళై వచ్చినప్పటి నుంచి ఆ ఇంట్లోనే ఉందట. సంగతి చెప్పగానే రెండు చేతులూ చాచింది. "తెలుగోల్ల లైనంటే ఇదే కదమ్మా! ఈ వరసంతా మనోల్లే ఉండీవోరు. అన్నీ పడగొట్టీసి మేడలు కట్టీసినారు. మాదొక్కటే మిగిలింది. రా తల్లీ, ఇలగొచ్చి కూకో. బెట్సీ! కుర్చీ తే!"

మనవరాలు బెట్సీ చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీసి, కుర్చీ తెచ్చి, "బైఠియే నా, నానీ," అంది.

"తెలుగులో సెప్పవే. మన ఊరోల్లు," అని త్రేసమ్మ కసిరింది.

"సమజ్‌తీ తో హూఁ," అని, అర్థమవుతుంది కదా అన్నట్టు నవ్వి ఆ పిల్ల టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది.

అత్తమ్మ కుర్చీలో కూర్చుంది. ఒళ్ళో మోదుగపూలు ఇంకా ఉన్నాయి, కాస్త వాడాయి. సందు చివర ఒక నూతి గట్టు ఉంది, పైన ఇనప చట్రం వేసి మూసేశారు. దాని వైపు చూసి, "ఆ కాడే బట్టలుతికీది," అంది. ఎవరని ఎవరం అడగలేదు. త్రేసమ్మ ఆవిడ మోకాలి మీద చెయ్యి వేసింది. టీ వచ్చింది. ఎదుటి మేడ కిటికీలో కుక్కరు కూత వేసింది, ఎవరింట్లోనో తాలింపు ఘుమఘుమలాడింది. ఏ కాలంలో ఉన్నామో, ఎవరింటికి వచ్చామో అంతా సర్దుకుపోయినట్టుంది. అంత బెంగలోనూ నాకు నిద్ర ముంచుకొచ్చింది.

అప్పుడు ఆకాశం ఎర్రబడింది.

పొద్దు గుంకిన వైపు కాదు, మేడల వెనక, కార్ఖానా వైపు. ముందు కాస్త, తర్వాత కుంకుమ నీళ్ళు ఒలికినట్టు పైపైకి పాకింది. మేడల గోడలు, నీళ్ళ ట్యాంకులు, మా చేతుల్లో టీ గ్లాసులు అన్నీ ఎర్రగా అయిపోయాయి.

"కొలిమిలో మిగిలిన మడ్డి పారబోత్తారండీ, అదంతా నిప్పే కదా," అని నీలకంఠం గారు మెల్లగా చెప్పారు. "ఇప్పుడు బహుత్ కమ్. ఎప్పుడో గానీ కనబడదు. మీ అదృష్టం."

మా ఆయన తల్లి పక్కన నేల మీద చతికిలబడ్డాడు. "ఎర్రబడిందమ్మా," అన్నాడు. రోజూ మెట్ల మీద కూర్చుని ఆయన చెప్పలేకపోయిన మాట అది.

"అయితే నాన్న డ్యూటీ దిగిపోనాడు," అని ఆవిడ నవ్వింది. ఆ నవ్వు మా ఇంట్లో నేను ఎప్పుడూ చూడలేదు. ముఖంలో ముడతలన్నీ ఎటో పోయాయి. నాకు సంతోషమే కలిగింది, ఒట్టు. దాని వెనకే ఆ రెండో భయం నిజమైపోయింది. దొరికింది, ఇదే ఆవిడ ఇల్లు. ఇక నేను వంటింటికి తలుపు పెట్టించానని, నీళ్ళు పోశానని పోట్లాడి ఏం లాభం? పోనీలే, ఉండనీ, ఈ రాత్రి ఇక్కడే పడుకోనీ అనుకున్నాను. త్రేసమ్మ కూడా నా మనసు చదివినట్టు, "లోపల మంచం ఉన్నాది. హోటలెందుకు? ఈ పూటకి ఇక్కడుండండి," అంది.

ఎరుపు మెల్లగా తగ్గింది. వీధి దీపాలు వెలిగాయి. అత్తమ్మ గ్లాసు కింద పెట్టి లేచింది. కొంగు తీసి నడుముకు చుట్టుకుంది.

"ఇంక ఎల్దామే. ఇంటికెల్దాం."

నాలో ఏదో తెగింది. అంతమంది ఉన్నారని కూడా చూడలేదు. "ఎన్ని ఇళ్ళు అత్తా నీకు! రెండేళ్ళు నా పీక తిన్నావు ఇంటికంపెయ్యమని. అంపేశాం కదా! ఇదే నీ బాలు బస, ఇదే మీ లైను, అదే నుయ్యి! ఇంతకన్నా ఏ ఇంటికి తీసుకెళ్ళమంటావు? ఇంకెక్కడుంది నీ ఇల్లు?" అని అరిచేశాను. అరుస్తూనే ఏడ్చేశాను. మా ఆయన లేవబోయాడు, త్రేసమ్మ ఆయన్ని ఆపింది.

అత్తమ్మకు కోపం రాలేదు. తెలివితక్కువ పిల్లను చూసినట్టు నన్ను చూసింది.

"ఇల్లేటే ఇది? ఇది బస. బాలు బస అన్నారు గానీ, బాలు ఇల్లని ఎవులైనా అన్నారేటి? మా నాన్న డ్యూటీ కోసమని వచ్చి ఉన్నాం. బసకాడ ఎన్నాల్లుంటాం? ఇంటికెల్లొద్దేటి?"

ఆవిడ దగ్గరికి వచ్చి నా గడ్డం పట్టుకుంది. కొంగు విప్పి నా ముఖం తుడిచింది. "తప్పిపోనావేటి? అందుకేటి ఏడుపు? ఏడవకు. ఎవులైనా అడిగితే ఎలగ సెప్పాలో నాను నేర్పుతాను. నా ఎనకాల అను. కాసీబుగ్గ."

"కాశీబుగ్గ," అన్నాను.

"రైలు గేటు దాటినాక, జీడి బట్టీల ఈది."

"రైలు గేటు దాటాక... జీడి బట్టీల వీధి."

"నీలం గేటు."

ఆ గేటుకు నీలం రంగు వేయించింది నేనే. అప్పుడు ఆవిడ ఆకుపచ్చ కావాలని నెలరోజులు నాతో మాట్లాడలేదు. "నీలం గేటు," అన్నాను.

"ఈసిరి ఇల్లు."

ఈశ్వరి నేనే. రెండేళ్ళలో ఒక్క సాయంత్రమైనా ఆ పేరు ఆవిడ నోట వినలేదు.

"అనవే. అది సెప్పకపోతే ఇల్లెలగ తెలుస్తాది? ఈసిరి ఇల్లు."

"ఈశ్వరి ఇల్లు," అన్నాను.

మా ఆయన ముక్కు చీదుకుంటూ, "అమ్మా, రేపు కాశీ వెళ్ళాలి కదే," అన్నాడు.

"కాసీ కాదురా. కాసీబుగ్గ," అని ఆవిడ కసిరింది. నా వైపు తిరిగి, "ఆడి మాటకేటి గానీ, నువ్వు మల్లీ మొదట్నుంచీ అను. మరిసిపోగలవు," అంది.

ఆవిడ చెయ్యి పట్టుకుని మళ్ళీ మొదటి నుంచి చెప్పాను.